ఓబులమ్మను కూర్చోబెట్టిన పండుగ

మా చర్చికి నూరేళ్ళు నిండాయని మొన్న నవంబరులో ఒక పుస్తకం వేశారు. మెరిసే అట్ట, లోపలంతా రంగు ఫోటోలు. ఇనుప గేటు ఇచ్చినవాడి బొమ్మ ఉంది. మైకుసెట్టు ఇచ్చినవాడి బొమ్మ ఉంది. ఒక్కసారి వచ్చి రిబ్బను కత్తిరించి కారెక్కి పోయినవాడి బొమ్మ రెండు చోట్ల ఉంది. నేను రెండో తరగతితో బడి మానేసినదాన్ని. కూడబలుక్కుంటే నాలుగు అక్షరాలు వస్తాయి, అంతే. బొమ్మలు చూడటానికి చదువు అక్కర్లేదు కదా. అట్ట నుంచి అట్ట దాకా రెండుసార్లు తిప్పాను. మా ఓబులమ్మ లేదు. బొమ్మ లేకపోతే పోనీ, పేరైనా ఉందేమో చూడమని మనవరాలి చేతికిచ్చాను. అదీ లేదు.

ఆ పుస్తకం వాళ్ళ దగ్గరే ఉండనీ. నేను చెబుతాను, నా మనవరాలు రాస్తుంది. నేను తిట్టిన తిట్లు కూడా తీసేయకుండా రాయమన్నాను.

ఓబులమ్మ నాకు ఆడబిడ్డ. చనిపోయిన మా ఆయన ఏసన్నకు చెల్లెలు. నాకంటే మూడేళ్ళు పెద్దదే, అయినా అన్న పెళ్ళాన్ని కాబట్టి నన్ను వదినా అంటుంది. చర్చి రిజిస్టరులో ఆమె పేరు ఎస్తేరు. ఎవరో పాస్టరయ్య బాప్తిస్మం నాడు రాసుకున్నాడట. ఆ పేరుతో పిలిస్తే ఆమె తల కూడా తిప్పదు. పదిహేనేళ్ళకు పెళ్ళి చేశారు. పద్దెనిమిదేళ్ళకు మొగుడు నాపరాయి గనిలో బండ కింద పడి పోయాడు. మాది ఎర్రగుంట్ల పక్క ఊరు. ఇక్కడ నేల తవ్వితే నీళ్ళ కంటే ముందు బండ తగులుతుంది. ఒక చీర మూట పట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. ఆ తర్వాత రెండేళ్ళకు నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాను.

వచ్చిన రోజు సాయంత్రమే నేను పొయ్యి దగ్గర కూర్చున్నాను. కొత్తకోడలు చేతి వంట తినాలని అందరికీ ఉంటుంది కదా. ఓబులమ్మ వచ్చి నా చేతిలోంచి సంగటి కట్టె లాక్కుంది.

"నీకు రాదులే, లెయ్యి వదినా," అంది.

అంతే. యాభై ఏళ్ళు ఆ కట్టె మళ్ళీ నా చేతికి రాలేదు. మొగుడు పోయినది పుట్టింటి మీద పెత్తనం చేస్తోందని నేను బోరింగు దగ్గర నీళ్ళు పట్టే ప్రతి ఆడదానితోనూ చెప్పాను. చెప్పాను కాబట్టి అది కూడా రాయమన్నాను. నాకు కోపం ఆ కట్టె మీద. దాన్ని పట్టుకుంటే ఏమవుతుందో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

సంగటి అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. నూకలు మెత్తగా ఉడికించి, వాటి మీద రాగిపిండి పోసి, ముద్ద అయ్యేదాకా కట్టెతో గెలకాలి. ముగ్గురు మనుషులకైతే చెయ్యి నొప్పి పుడుతుంది. మా ఇంట్లో అప్పుడు తొమ్మిది మందిమి, రెండు పూటలా. ఆవిరి నేరుగా మొహానికి కొడుతుంది, కట్టెల పొగ పక్క నుంచి వస్తుంది. ఓబులమ్మ సట్టిని రెండు పాదాల మధ్య ఇరికించుకుని, కళ్ళు చికిలించుకుని గెలికేది. మోచేతుల దాకా కాలిన మచ్చలు. మేము తిని లేచేవాళ్ళం. ఆమె మాత్రం గోడకు ఆనుకుని నిలబడి, సట్టి మూతలో ఇంత వేసుకుని తినేది. మా ఇంట్లో అందరికీ పేర్లు కొట్టించిన స్టీలు పళ్ళేలున్నాయి. మా మామ పేరుతో ఒకటి, నా పేరుతో ఒకటి, నా కొడుకు యేసుప్రసాద్ పేరుతో అయితే వాడు పాకక ముందే ఒకటి. ఓబులమ్మ పేరుతో లేదు. ఎవరూ కావాలని మానలేదు. ఆమె మూతలో తింటుంది కదా, పళ్ళెం ఎందుకు అనుకున్నాం. కావాలని చేసిన తప్పయితే కాళ్ళు పట్టుకుని క్షమించమని అడగవచ్చు. ఇట్లాంటిదాన్ని ఏం చేస్తాం?

ఇల్లు చాలక ఊరు కూడా ఎక్కింది ఆమె నెత్తిమీదికి. ఎవరికి పెళ్ళయినా, ఎవరు చచ్చిపోయినా, ఎవరి బిడ్డకు పేరు పెట్టినా "ఓబులమ్మను పిల్చండి" అనేవారు. చివర్లో ఒక రవిక గుడ్డ చేతిలో పెట్టేవారు. ఆమె ట్రంకుపెట్టెలో కుట్టించని రవిక గుడ్డలు అడుగు నుంచి మూత దాకా ఉన్నాయి.

నవంబరులో నూరేళ్ళ పండుగ రోజు నాలుగు వందల మందికి సంగటి. తెల్లవారుజామున పొయ్యి దగ్గర కూర్చుంది, మధ్యాహ్నం మూడింటికి లేచింది. పందిట్లో శాలువాలు కప్పుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు. నేను ఐస్‌క్రీం కప్పు పట్టుకుని చేతులు కడుక్కోవడానికి చర్చి వెనక్కి పోయాను. అక్కడ ఓబులమ్మ పెద్ద గుండిగలోకి సగం దూరి ఉంది. గరిటెతో అడుగు మాడు గీకి, ఇన్ని నీళ్ళు పోసి నానబెట్టుకుని తింటోంది. నాలుగు వందల మందికి వండినదానికి ఒక ముద్ద మిగల్లేదు. నేను చూశాను. చూసి ఏం చేశాను? ఐస్‌క్రీం కరిగిపోతోందని నాకుతూ ముందుకు వచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అయినా మరునాడు కూడా ఆమె వండిన సంగటే తిన్నాను.

డిసెంబరులో ఆమెకు ఎడమ కన్ను పూర్తిగా మసకేసింది. కడప తీసుకుపోతే డాక్టరు శుక్లం తీసేశాడు. నల్లద్దాలు పెట్టి, చుక్కల మందు ఇచ్చి, నా వైపు చూసి గట్టిగా చెప్పాడు. నెల రోజులు పొయ్యి దగ్గరికి పోకూడదు, వంగకూడదు, బరువెత్తకూడదు, పొగ తగిలితే కన్ను చెడుతుంది అని. కుడి కన్ను పొగకు ఎప్పుడో సగం పోయింది. ఉన్నది ఈ ఒక్కటే. బస్సులో తిరిగి వస్తుంటే అనుకున్నాను, క్రిస్మస్ రాత్రి భోజనం ఈమె పొయ్యి ముట్టకుండా, కుర్చీలో కూర్చుని, అందరికంటే ముందు తినాలి. ఎవడు అడ్డమొస్తాడో చూస్తాను.

పండుగ ఆపరేషన్ అయిన పదో రోజుకు వచ్చింది. ఇంట్లో భోజనానికి ఎవరూ లేరు, మేమే. నేను, ఓబులమ్మ, కొడుకు, కోడలు ప్రేమజ్యోతి, ఇది రాస్తున్న మనవరాలు. ఆరాధన అయి ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. రాత్రికి సంగటి, నాటుకోడి పులుసు, రోట్లో నూరిన చెనిక్కాయల పచ్చడి, అదే ఊరిబిండి, బెల్లం పాయసం. మరేం లేదు. కోడలు కోడి పని చూస్తానంది. సంగటి నేను అన్నాను.

ప్రేమజ్యోతి ఉల్లిగడ్డ కోస్తున్నదల్లా కత్తి ఆపింది.

"నువ్వా అత్తా?"

"యేం, నాకు చేతుల్లేవా?"

"అది కాదు. ఎప్పుడూ చేసింది ల్యా కదా. నాకా, మా రాజంపేటలో అన్నమే గాని సంగటి తెల్దు. చిన్నత్త కూచోని చెప్తే..."

"చిన్నత్త చెప్పదు. చెప్పేదానికి నోరు తెరిస్తే ఆమె చెయ్యి ఊరుకోదు. ఆమె ఈపొద్దు చుట్టం. చుట్టాన్ని వంట అడుగుతామా?"

ముందుగా నేను చేసిన పని, ఆ సంగటి కట్టెను తీసుకుపోయి ట్రంకుపెట్టెలో రవిక గుడ్డల మీద పెట్టి తాళం వేశాను. తాళంచెవి కొంగుకు ముడి వేసుకున్నాను. నేను తీసేదాకా అది ఆమె కంటబడకూడదు. ఓబులమ్మ వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో నల్లద్దాలతో కూర్చుని, ఒళ్ళో చేతులు ఏం చేయాలో తెలియక కొంగు మడతపెడుతూ విప్పుతూ ఉంది.

సంగటి కట్టెకు తాళమేశాను గాని సంఘం పెద్ద సుంకన్నకు తాళం వేయలేదు. మూడున్నరకు తెల్లచొక్కా ఇస్త్రీ నలగకుండా వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"రాహేలక్కా, ఓబులక్క ఉండాదా?"

"యాడికి పోతాది? నల్లద్దాలు పెట్టుకొని రాణి మాదిరి కూచోనుండాది, కనపల్యా నీకు?"

"అదే అక్కా. సందకాడ పాస్టరయ్య ఇంటికి కడప నుంచి పెద్దోళ్ళు వస్తాండారు. ఈ పక్క సంగటి తినాలని శానా ఆశపడి వస్తాండారంట. నలుగురే. ఓబులక్క చెయ్యి పడితే..."

"ఆమె చెయ్యి పడితే ఆమె కన్ను పోతాది. నెల దాకా పొయ్యి మొగం చూడొద్దన్యాడు డాక్టరు. నీకు చెప్పల్యా? చర్చిలో ప్రార్థన గూడా చేస్తివి కదప్పా ఆమె కంటికోసరం, కండ్లు మూసుకోని."

"వండద్దులే అక్కా. ఊరికే వచ్చి పక్కన కూచుంటే సాలు. మా ఆడోళ్ళు చేస్తారు."

"ఓబులమ్మ పొయ్యి కాడ ఊరికే కూచునింది నీ పుట్టినకాడ్నించి ఒక్కసారి చూసినావా సుంకన్నా?"

వాడు నవ్వాడు. నవ్వకుండా పోయుంటే నేను కూడా ఊరుకునేదాన్నేమో.

"పండగ పూట నలుగురికి పెడితే ఆమెకే కదక్కా దీవెన. ఇంట్లో మాత్రం ఆమెకేం పనుండాది, కుర్చీలో కూచోడమే కదా."

వెనక కుర్చీ కిర్రుమంది. చూస్తే ఓబులమ్మ లేచి కొంగు నడుముకు దోపుకుంటోంది.

"నలుగురే కద వదినా. ఒక్క గడియలో వచ్చేస్తా."

"కూచో!" అని నేను అరిచిన అరుపుకు పెరట్లో కోళ్ళు గోడెక్కాయి. ఎదురింటివాళ్ళు తలుపు తీశారు. "నువ్వు ఒక్క అడుగు గడప దాటితే నేను ఈ పొద్దు అన్నం ముట్టను, రేపు ముట్టను. సుంకన్నా, నీ ఇంట్లో ఆడోళ్ళు ముగ్గురుండారు. ముగ్గురికీ రెండేసి కండ్లుండాయి. పో."

"పాస్టరయ్యకు ఏం చెప్పేది అక్కా?"

"ఓబులమ్మ ఇంట్లో విందుండాది, ఆమె రాదని చెప్పు."

వాడు పోయాడు. ఓబులమ్మ కూర్చుంది గాని మొహం నన్ను చూడనీయలేదు. "పెద్దమనిషిని వాకిట్లోంచి అట్ల పంపిస్తారా," అని గోడకు చెప్పింది. ఈ మనిషితో ఎట్లా వేగేది? ఆమె కోసం నేను ఊరితో పోట్లాడితే, ఆమె ఊరి తరఫున నాతో పోట్లాడుతుంది.

నాలుగున్నరకు కొడుకు మోటరుసైకిలు దిగాడు. వాడు బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. పండుగైనా ఒక పూట కూడా మిషను ఆగదు. తెల్లదుమ్ము తలతోనే లోపలికి వచ్చి, చేతిలో రెండు పొట్లాలు పొయ్యిగట్టు మీద పెట్టాడు.

"ఏందిరా అది?"

"బిర్యానీ మా. ఎర్రగుంట్లలో కట్టించినా. ఒకవేళ సంగటి సరింగా రాకపోతే..."

"ఎవరు చెప్పినారు రాదని?"

వాడు పెళ్ళాం వైపు చూశాడు. పెళ్ళాం కోడి వైపు చూసింది. నాకు రాదని ఊరందరికీ తెలుసన్నమాట. ఆ పొట్లాలు తీసి కిటికీలోంచి వేద్దామనుకున్నాను. పండుగ పూట అన్నం కదా అని మంచం కిందికి తోసేశాను.

ఇంతలో వాకిట్లో కుర్చీ ఖాళీ. చర్చికి పోయిందేమోనని వీధిలోకి పరిగెత్తాను, లేదు. పెరట్లో పొగ వాసన వచ్చింది. పోయి చూస్తే ఓబులమ్మ మూడు రాళ్ళ పొయ్యి ముందు రెట్టింపుగా వంగి, నల్లద్దాలు నెత్తిమీదికి తోసుకుని, గొట్టంతో అగ్గి ఊదుతోంది. ఎడమ కన్ను చేత్తో మూసుకుంది. అదీ ఆమె తెలివి.

"నీళ్ళు కాగబెడతాండా వదినా. పిల్లోడు దుమ్ము కొట్టుకోని వచ్చినాడు, స్నానానికి..."

"పిల్లోడా? వానికి నలభై రెండేండ్లు! వాని నీళ్ళు వాడు కాచుకుంటాడు. కన్ను పోతే ఎవురు తెచ్చిస్తారు? నేనిస్తానా? సుంకన్న ఇస్తాడా?"

"ఊరికే కూచుంటే నాకు ఊపిరాడ్డం ల్యా వదినా."

ఆ మాట నాకు ముల్లు దిగినట్టయింది. అయినా నేను తగ్గలేదు. రెక్క పట్టుకుని లాక్కొచ్చి, ఈసారి కుర్చీ వంటింటి గడప పక్కనే వేసి, వీపు పొయ్యి వైపు తిప్పి కూర్చోబెట్టాను. ఇంట్లో గ్యాసు ఉంది, పొగ రాదు. చెవుల్లో దూది పెడదామనుకున్నాను గాని అంత దూది లేదు. యేసుప్రసాద్ పెరట్లోకి పోయి నీళ్ళు కాచుకున్నాడు.

ఐదున్నరకు తాళం తీసి సంగటి కట్టె బయటికి తెచ్చాను. పట్టుకునే చోట నున్నగా అరిగి, ఆమె వేళ్ళకు గుంటలు పడి ఉంది. నా వేళ్ళు వాటిలో సరిగ్గా కూర్చోలేదు.

నూకలు ఎసట్లో వేశాను. ఉడుకుతున్నాయి. వెనక్కి తిరిగి ఉన్న మనిషి అక్కడి నుంచే అంది.

"వదినా, ఎసరు ఎక్కువైంది. సప్పుడు వేరేగా ఉండాది."

"చుట్టాలు సప్పుళ్ళు ఇనకూడదు."

కాసేపటికి మళ్ళీ, "కొంచిం గంజి వంచి పక్కన పెట్టుకో. ఆనక కావాల్సొస్తాది."

"నోరు మూసుకుంటావా లేదా?"

మూసుకుంది. నిజంగానే మూసుకుంది. అదే నా కొంప ముంచింది. ఉడికిన నూకల మీద రాగిపిండి పోశాక దాన్ని కదపకూడదట. కుప్పగానే వదిలేసి, నడుమ కట్టె కాడతో ఒక బొక్క పెట్టి, మూతవేసి సన్నమంట మీద మగ్గనివ్వాలట. ఆ తర్వాతే గెలకాలట. యాభై ఏళ్ళు తిన్నదాన్ని, ఒక్కరోజు కూడా పక్కన నిలబడి చూడలేదు. పిండి పోశాను, పోసిన వెంటనే రెండు చేతులా కట్టె పట్టి గెలికాను.

ముందు ఆవిరి మొహానికి కొట్టింది. కళ్ళు మూసుకుపోయాయి. గిన్నె గుండ్రంగా తిరుగుతోంది, కట్టె తిరగట్లేదు. పాదాలతో పట్టుకుందామంటే నా మోకాళ్ళు కూర్చోనివ్వవు. ప్రేమజ్యోతి రెండు గుడ్డలతో గిన్నె పట్టుకుంది, నేను గెలికాను. పది తిప్పులకు భుజం లాగింది. ఇరవై తిప్పులకు మణికట్టు నాది కాదనిపించింది. అడుగు మాడిన వాసన. పైన చూస్తే గోలీలంత ఉండలు, లోపల తెల్లగా పచ్చిపిండి.

పెత్తనం అనుకున్నాను నేను. బోరింగు దగ్గర నిలబడి అందరికీ చెప్పాను, కట్టె లాక్కుని పెత్తనం చేస్తోందని. ఇదా పెత్తనం? పూటకు తొమ్మిది మందికి, ఎండాకాలం, కట్టెల పొయ్యి మీద. నాకు అప్పుడు వచ్చిన కోపం సుంకన్న మీద కాదు, కొడుకు మీద కాదు. పోనీ ఓబులమ్మ మీద తోసేద్దామన్నా వీలు కాలేదు. "నీకు రాదులే" అని ఆ రోజు నన్ను లేపింది, ఈ ఆవిరిలోంచి లేపింది.

సరిగ్గా అప్పుడే గడప దగ్గర దగ్గు. మళ్ళీ సుంకన్నే. చేతిలో మూత ఉన్న పెద్ద గిన్నె.

"అక్కా, కోప్పడొద్దు. మా ఆడోళ్ళు చేసింది బాగరాల్యా. ఈడ చేసిందే ఒక గిన్నెడు ఇస్తే..."

"రాప్పా, లోపలికి రా. ఇది ఓబులమ్మ చేసింది కాదు, నేను చేసింది. చూడు. పెద్దోళ్ళకు పెడతావా?"

వాడు గిన్నెలోకి తొంగి చూశాడు. ఈసారి నవ్వలేదు. అది వాడు చేసిన మంచి పని.

"ఇంగొకటి చూసిపో. నవంబరులో నువ్వు శాలువా కప్పుకుంటావుండావే, అప్పుడు ఈమె యాడుండాదో తెలుసునా? చర్చి యెనక. గుండిగలో తలకాయ పెట్టి మాడు గీక్కోని తింటాంది. నాలుగు నూర్ల మందికి వండినామెకు ఒక ముద్ద ల్యా."

సుంకన్న మొహం మాడిపోయింది. "నాకు తెల్దక్కా. దేవుని తోడు."

"నీకు తెల్దు. సరే. నాకు తెలుసు. నేను చూసినా. చూసి, ఐస్‌క్రీము నాక్కుంటా పోయినా. నిన్ను తిట్టేదానికి నాకు నోరుండాది, నన్నెవురు తిట్టాల?"

పొయ్యి మీద పులుసు ఒక్కటే ఉడుకుతోంది. వీపు మా వైపు పెట్టుకున్న ఓబులమ్మ మెల్లిగా అంది.

"నువ్వు చూసింది నేనూ చూసినాలే వదినా. నీ నీడ గుండిగ మింద పడింది."

ఆమెకు తెలుసు. నెల రోజులుగా తెలిసి, నాకు వండి పెట్టింది. సుంకన్న గిన్నె చంకలో పెట్టుకుని, గడప దగ్గర ఆగి, "ఓబులక్కా, కన్ను జాగర్త," అన్నాడు. పోయాడు.

దీపాలు పెట్టే వేళకు అందరం కూర్చున్నాం. ఓబులమ్మకు కుర్చీ, ముందు స్టూలు. మేం నలుగురం కింద చాప మీద. ఎర్రగుంట్లలో గిన్నెల అంగట్లో తీసుకున్న కొత్త స్టీలు పళ్ళెం నేను కొంగు కిందినుంచి తీసి స్టూలు మీద పెట్టాను. ఆమె దాన్ని బల్బు వెలుగులోకి ఎత్తి, అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టినదాన్ని బొటనవేలితో తడిమింది.

"ఇదేంది గీత?"

"నీ పేరు."

"యేది? ఎస్తేరా?"

"ఎస్తేరు ఎవురో నాకు తెల్దు. ఓబులమ్మ అని కొట్టించినా."

ఇంకోసారి తడిమింది. నేను సంగటి ముద్ద పెట్టి, నడుమ గుంత చేసి పులుసు పోశాను, పక్కన ఊరిబిండి వేశాను. ఆమె చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"మీరు తినండి. నేను ఆనక..."

"ఆనక లేదు. నువ్వు తినందే ఈడ ఎవురూ చెయ్యి కడగరు. నీ పిల్లోడు పొద్దన్నుంచి ఏం తినల్యా, చూడు వాని మొగం."

యేసుప్రసాద్ కూడా, "తినత్తా, బిన్నా తిను. ఆకలి సంపుతాండాది," అన్నాడు. వాడి ఆకలి కోసమే ఆమె చెయ్యి కదిలింది. ఏం చేస్తాం, ఆమె అలవాటు అది.

ఒక ముద్ద తుంచి పులుసులో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది. నోట్లోంచి ఒక ఉండ తీసి పళ్ళెం అంచున పెట్టింది. ఇంకో ముద్ద, ఇంకో ఉండ. సరిగ్గా తన పేరు పక్కన మూడు ఉండలు వరుసగా పెట్టింది. మనవరాలు నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఇప్పుడు రాస్తూ కూడా నవ్వుతోంది.

నేను చూస్తూ కూర్చున్నాను. యాభై ఏళ్ళలో ఈ మనిషి ఎవరి వంటకూ వంక పెట్టగా నేను వినలేదు. వంక పెట్టాలంటే ఎవరైనా వండి పెట్టాలి కదా. ఆమె నల్లద్దాల్లోంచి నా వైపు తిరిగింది.

"ఉప్పు సాలదు వదినా."

"ఊఁ."

"ఉండలు కట్టింది. పిండి పచ్చిగుండాది."

"ఊఁ."

"అడుగు గూడా మాడబెట్టినావు. పిండి పోస్తానే గెలికినావు కదా? సప్పుడు ఇన్యా నేను. చెప్దామంటే నోరు మూసుకోమంటివి."

"అయినాయా నీ వంకలు? ఇంగేమన్నా ఉండాయా?"

"పులుసు బాగుండాది," అని కోడలి వైపు చూసి, పళ్ళెం నా ముందుకు చాపింది. "ఇంకో ముద్ద పెట్టు."

పెట్టాను. మా అందరికంటే పెద్ద ముద్ద. ఆమె కుర్చీలో వెనక్కి ఆనుకుని, తొందర లేకుండా, ఉండలు ఏరుకుంటూ తింది. ఆ తర్వాతే మేం చేతులు కడిగాం. కొడుకు మంచం కిందికి ఒకసారి చూశాడు గాని, బిర్యానీ మాట ఎత్తే ధైర్యం చేయలేదు.

తిన్నాక ఆమె పళ్ళెం పట్టుకుని లేవబోయింది, కడగడానికి. నేను లాక్కున్నాను. అప్పుడు ఆమె కళ్ళు సంగటి గిన్నె మీద పడ్డాయి.

"వదినా, అడుగు మాడుండాది కదా. దాంట్లో ఇన్ని నీళ్ళు పోసి నాకియ్యి. పారెయ్యొద్దు."

"పారెయ్యనులే," అన్నాను.

గిన్నె పెరట్లోకి తీసుకుపోయి, చీకట్లో గోడకు ఆనుకుని నిలబడ్డాను. గరిటెతో అడుగు గీకి, ఇన్ని నీళ్ళు పోసి, మూతలో వేసుకుని నేనే తిన్నాను. చేదు. లోపలి నుంచి ఓబులమ్మ అడుగుతోంది, ఏం చేస్తాండావు వదినా అని. పనుండాదిలే, నువ్వు కూచో అన్నాను.